పీడ పోతుందని తీయించుకునే గర్భసంచి

“సంచి తీసేశారు.” వరంగల్, కరీంనగర్, జగిత్యాల పల్లెల్లో నలభై దాటిన ఆడవాళ్లు తమ ఒంటికి జరిగిన అతి పెద్ద సంగతిని ఈ రెండు మాటల్లో చెప్పేస్తారు. ఎందుకు తీశారని అడిగితే జవాబులూ పొట్టిగానే వస్తాయి. పుండైంది. వాచింది. గడ్డలున్నాయి. క్యాన్సర్ అవుతుందన్నారు. అండాశయాలు ఉంచారా, అవీ తీశారా అని అడిగితే మాత్రం చాలామంది మొహమొహాలు చూసుకుంటారు. గర్భసంచి వేరు, అండాశయాలు వేరు అని వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను ఈ ఆపరేషన్ గురించి అడిగింది. దేశం మొత్తం మీద 3.2 శాతం మందికి గర్భసంచి తీసేశారని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. 2019-21 నాటి తర్వాతి సర్వేలోనూ రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరుసలోనే ఉన్నాయి. ఈ లెక్కలో పదిహేనేళ్ల ఆడపిల్లలు కూడా ఉన్నారని గుర్తుంచుకోవాలి. నలభై దాటిన వారిని మాత్రమే తీసుకుంటే శాతం ఇంకా చాలా పెరుగుతుంది. దేశవ్యాప్తంగా ఆపరేషన్ నాటికి వీళ్ల సగటు వయసు 35 లోపే. సర్వే 49 ఏళ్ల దగ్గర ఆగిపోతుంది కాబట్టి సగటు కొంత తక్కువగా కనిపించే మాట నిజమే. అయినా, చాలా దేశాల్లో నలభై అయిదు దాటాక చేసే ఆపరేషన్ ఇక్కడ ముప్పైల్లోనే ఇంతమందికి జరుగుతోందంటే దాన్ని లెక్కల తికమకగా కొట్టిపారేయలేం.

ఈ విషయం మీద రెండు రకాల వ్యాఖ్యానాలు వినిపిస్తుంటాయి. డబ్బు కోసం ఆసుపత్రులు కోసేస్తున్నాయన్నది ఒకటి. చదువులేని ఆడవాళ్లే తీసేయమని వెంటపడుతున్నారన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, రెండూ సగంలో ఆగిపోతాయి. ముప్పై అయిదేళ్ల మనిషి ఆపరేషన్ బల్ల మీదికి చేరేసరికి ఆమె శరీరం గురించిన నిర్ణయాలు అప్పటికే మూడు నాలుగు జరిగిపోయి ఉంటాయి. ప్రతి నిర్ణయమూ తర్వాతి దానికి దారి వేస్తుంది.

మొదటి కోత

ఆ దారి తరచుగా కాన్పు గదిలో మొదలవుతుంది. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఇదే ఎక్కువ, దేశ సగటు 21.5 శాతం. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. కరీంనగర్ జిల్లాలోనైతే మొత్తం కాన్పుల్లోనే 80 శాతం దాటాయి. ముహూర్తం చూసుకుని కోయించుకునే అలవాటు, నొప్పుల భయం, రాత్రివేళ మత్తు డాక్టరు దొరకని ఆసుపత్రులు, మొదటిది సిజేరియన్ అయితే రెండోదీ అదే కావాలన్న పట్టు, అన్నీ కలిసి ఈ అంకెను తయారుచేశాయి. సాధారణ కాన్పులు పెంచడానికి మంత్రసాని నర్సులకు ప్రత్యేక శిక్షణ ఇచ్చే ప్రయోగం 2017లో మొదలైంది కూడా కరీంనగర్‌లోనే.

సిజేరియన్‌కూ గర్భసంచి తీసేయడానికీ సంబంధం ఏమిటని అడగవచ్చు. కోసిన చోట గర్భసంచి గోడ కొందరిలో పలచబడి చిన్న గుంటలా మిగులుతుంది. నెలసరి రక్తం అందులో నిలిచి, ముట్టు ఆగిన తర్వాత కూడా కొన్ని రోజులు గోధుమరంగు మరకలుగా బయటికి వస్తుంది. “నాకు పది రోజులు పోతూనే ఉంటుంది” అని వచ్చే వారిలో కొందరి కథ ఇదే. మళ్లీ గర్భం వస్తే మాయ ఆ పాత గాటు మీద అతుక్కుపోయే ప్రమాదం ప్రతి సిజేరియన్‌తోనూ పెరుగుతుంది. అలా అతుక్కున్న మాయ ఊడిరాక రక్తం ఆగనప్పుడు ప్రాణం నిలపడానికి గర్భసంచి తీయక తప్పదు. ఇంకొకటి ఉంది. పాత కోతల వల్ల మూత్రాశయం గర్భసంచికి అంటుకుపోయి ఉంటే, తర్వాత ఎప్పుడైనా సంచి తీసేటప్పుడు మూత్రాశయానికి గాయమయ్యే అవకాశం ఎక్కువ. రెండు సిజేరియన్లు అయిన వారికి ‘సంచి తీయడం చిన్న పని’ అని ఎవరైనా చెబితే నమ్మకండి.

పిల్లలయ్యారు కదా, ఇంకెందుకు

రెండో కాన్పుతో పాటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోతుంది. తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో 60 శాతానికి పైగా ఈ ఆపరేషన్ చేయించుకున్నవారే. చాలామందికి అప్పటికి పాతికేళ్లు అటూఇటూ. 20-24 ఏళ్ల వారిలో దాదాపు నాలుగో వంతు మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని అదే సర్వే చెబుతోంది కాబట్టి ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై రెండుకు ఇద్దరు పిల్లలు, ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా నెలనెలా ముట్టు. ఇంటివాళ్ల దృష్టిలో అప్పటికే ‘పని అయిపోయిన’ అవయవం అది.

ట్యూబులు ముడివేయించుకున్నాక రక్తస్రావం పెరిగిందని మన ఆడవాళ్లు గట్టిగా నమ్ముతారు. అమెరికాలో వేలమంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన ఒక పెద్ద అధ్యయనం ఈ సంగతే పరిశీలించి, ట్యూబుల ఆపరేషన్ వల్ల నెలసరి చెడిపోతుందన్న దానికి ఆధారం లేదని తేల్చింది. అదే పరిశోధనలో ఇంకో విషయం బయటపడింది. ట్యూబుల ఆపరేషన్ అయిన స్త్రీలు తర్వాతి కాలంలో గర్భసంచి తీయించుకునే అవకాశం మిగతావారికంటే కొన్ని రెట్లు ఎక్కువ. శరీరంలో మార్పేమీ లేకపోతే ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లలు ఇక వద్దనుకున్న మనిషికి గర్భసంచి తీసేయమని చెప్పడం డాక్టరుకు తేలిక, ఒప్పుకోవడం ఆమెకూ తేలిక. అమెరికాలోనే అలా ఉంటే, ముట్టయిన రోజుల్లో దూరంగా కూర్చోబెట్టే ఇళ్లున్న మన దగ్గర ఎంత తేలికో ఊహించవచ్చు. నాట్ల కాలంలో నాలుగు రోజులు కూలి పోతుంది. బతుకమ్మకో, జాతరకో సరిగ్గా అదే సమయానికి వస్తుంది. మేడారం వెళ్లే ముందు మందుల షాపులో అడిగి ముట్టు వాయిదా మాత్రలు కొనుక్కోవడం ఎంత మామూలైపోయిందంటే, అవి హార్మోన్ మాత్రలని, ఆపగానే రక్తం ఒక్కసారిగా రావచ్చని, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు వాడకూడదని అమ్మేవాడూ చెప్పడు, కొనేవాళ్లూ అడగరు. ఆ తర్వాతి నెల ముట్టు తప్పటడుగు వేస్తే ‘సంచిలోనే ఏదో ఉంది’ అన్న అనుమానం మొదలవుతుంది.

ఇలాంటి మనిషికి ‘తీసేస్తే పీడ పోతుంది’ అన్న మాట వరంలా వినిపిస్తుంది. దాన్ని అజ్ఞానం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. తనకు తెలిసిన లెక్క ఆమె వేసుకుంటోంది. ఆ లెక్కలో ఉండాల్సిన అంకెలు సగం ఎవరూ చేతికివ్వలేదు, అంతే.

పుండు, వాపు, బుడగ

పరకాల దగ్గరి ఊళ్లో పత్తి ఏరే ముప్పై నాలుగేళ్ల ఆమెను ఊహించుకోండి. నడుము నొప్పి, తెల్లబట్ట, ముట్టు ఎక్కువగా పోవడం. మొదట ఊళ్లోని ఆర్‌ఎంపీకి చెబుతుంది. ఆయన నాలుగు రోజులు సూదులు వేసి, తగ్గకపోతే పట్నంలో తనకు తెలిసిన ఆసుపత్రికి పంపుతాడు. అలా పంపినందుకు కొన్నిచోట్ల ఆయనకు వాటా ముడుతుందన్నది ఊరందరికీ తెలిసిన రహస్యం. స్కానింగ్ అవుతుంది. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. అందులోని నాలుగు మాటలు తెలుగులోకి దిగేసరికి పుండు, వాపు, గడ్డ, బుడగ అవుతాయి. ఈ నాలుగు మాటలే మనిషిని ఆపరేషన్ బల్ల దాకా నడిపిస్తాయి. ఒక్కొక్కటీ విప్పి చూడటం మంచిది.

పుండు. గర్భాశయ ముఖద్వారానికి లోపలి వైపు మెత్తటి ఎర్రటి పొర ఉంటుంది, బయటి వైపు లేత గులాబీ రంగు గట్టి పొర. హార్మోన్ల ప్రభావంతో లోపలి ఎర్ర పొర కొంత బయటికి పరుచుకుంటుంది. పిల్లలను కనే వయసులో, గర్భంతో ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు ఇది సర్వసాధారణం. చూడటానికి చర్మం ఊడినట్టు ఎర్రగా ఉంటుంది కాబట్టి పాతకాలం వైద్యులు దాన్ని ఒరుపుగా భావించి ఆ పేరే పెట్టారు. అది గాయం కాదు, క్యాన్సర్‌కు మొదటి మెట్టు కూడా కాదు. దాని వల్ల తెల్లబట్ట కొంత ఎక్కువ కావచ్చు, ఇబ్బంది పెడితే అక్కడి వరకే చిన్న చికిత్స చేయవచ్చు. దాని కోసం గర్భసంచి మొత్తం తీయాల్సిన పని లేదు.

వాపు. స్కానింగ్ రిపోర్టులో ‘బల్కీ యుటెరస్’ అన్న మాట కనిపించగానే ఇంట్లో అందరి మొహాలూ మారిపోతాయి. పిల్లలను కన్న గర్భసంచి కనని దానికంటే కొంత పెద్దగా ఉండటం సహజం. ముట్టుకు ముందు తీసిన స్కానింగ్‌లో లోపలి పొర మందంగా కనిపించడమూ సహజమే. కొందరిలో లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయి, సంచి నిజంగానే ఉబ్బి, ముట్టులో భరించలేని నొప్పి, అధిక రక్తస్రావం వస్తాయి. దాన్ని అడినోమయోసిస్ అంటారు. అది జబ్బే, దానికి మందులు కూడా ఉన్నాయి. పరిమాణం చూసి జబ్బు నిర్ణయించరు. బాధ ఎంత ఉందో చూసి నిర్ణయిస్తారు.

బుడగ. అండాశయం ప్రతి నెలా అండం తయారుచేసేటప్పుడు చిన్న నీటి బుడగ ఏర్పడటం దాని రోజువారీ పనిలో భాగం. ఒక్కోసారి అది పగలకుండా కాస్త పెద్దదవుతుంది. ముట్టు ఉన్న వయసులో, లోపల గట్టి భాగాలు లేని చిన్న నీటి బుడగలు చాలావరకు రెండు మూడు నెలల్లో వాటంతటవే కరిగిపోతాయి. మళ్లీ స్కానింగ్ చేసి చూడటమే అక్కడ వైద్యం.

గడ్డలు. ఫైబ్రాయిడ్లు ముప్పై అయిదు దాటిన స్త్రీలలో ఎంత మామూలంటే, చాలామందికి తమలో అవి ఉన్నట్టే తెలియదు. క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. ముట్టు ఆగిపోయాక సాధారణంగా అవే కుంచించుకుపోతాయి. ఎక్కడ ఉన్నాయన్నది ముఖ్యం. సంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చిన చిన్న గడ్డ విపరీతంగా రక్తం పోయేలా చేస్తుంది, బయటి గోడ మీద ఉన్న పెద్ద గడ్డ ఏమీ చేయకపోవచ్చు. లోపలి గదిలోని గడ్డను ముఖద్వారం గుండా గొట్టం పంపి, పొట్ట కోయకుండానే తీయవచ్చు.

ఇక తెల్లబట్ట. మన దగ్గర తెల్లబట్టంటే ఎముకల్లోని సారం కరిగి పోతోందన్న భయం తరాలుగా ఉంది. వాసన, దురద లేని పలచటి స్రావం ఆరోగ్య లక్షణమే. ముట్టుకూ ముట్టుకూ నడుమ కొన్ని రోజులు అది పెరుగుతుంది కూడా. పెరుగు విరిగినట్టు ఉండి దురద పెడితే ఫంగస్, చేప వాసన వస్తే బాక్టీరియా, నురగతో పచ్చగా ఉంటే మరో రకం ఇన్ఫెక్షన్. ఇవన్నీ కొద్ది రోజుల మందులతో తగ్గేవే, కొన్నింటికి భర్త కూడా మందులు వాడాలి. భర్త వాడడు, మళ్లీ వస్తుంది, ‘మందులకు తగ్గలేదు’ అని కాగితం మీద పడుతుంది. మగవాడు మాత్ర మింగని పాపానికి ఆడదాని గర్భసంచి పోవడం నాకు తెలిసినంతలో వైద్యశాస్త్రంలో ఎక్కడా లేదు.

నడుము నొప్పి సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. రోజంతా వంగి నాట్లు వేసే నడుము, జగిత్యాల, నిజామాబాద్ ఇళ్లలో ఒళ్లో చేట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే నడుము నొప్పి పెట్టకపోతేనే ఆశ్చర్యం. ఆ నొప్పికి గర్భసంచి కారణం కావడం అరుదు. అందుకే సంచి తీశాక కూడా నడుము నొప్పి అలాగే ఉంటుంది, అప్పుడు ‘మత్తు సూది వల్ల’ అంటారు.

నాలుగు మాటల వెనుకా ఉన్న అసలు మాట క్యాన్సర్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రెండో స్థానంలో ఉంది కాబట్టి భయం ఉత్తిది కాదు. దాదాపు ఈ క్యాన్సర్లన్నిటికీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. వైరస్ సోకాక క్యాన్సర్ అయ్యేందుకు మామూలుగా పదేళ్లకు పైనే పడుతుంది. ఆ పదేళ్లలో ఎప్పుడు కనిపెట్టినా ఆపవచ్చు. ముఖద్వారానికి పలచటి అసిటిక్ ఆమ్లం పూసి ఒక నిమిషం ఆగి చూస్తారు, తెల్లగా మారితే తదుపరి పరీక్ష. ముదరకముందు దొరికిన మచ్చను వేడితోనో చలితోనో కొద్ది నిమిషాల్లో నిర్మూలిస్తారు, సంచి జోలికే పోరు. ఇంత సులువైన పరీక్షను జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్న స్త్రీలు 2019-21 నాటికి దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. అంటే సంచి తీయించుకున్నవారి శాతం, క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారి శాతం కంటే ఎక్కువ! పరీక్ష చేయకుండానే క్యాన్సర్ పేరు చెప్పి కోయమనే వారిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఆ పరీక్ష కాగితం ఎక్కడుందనే.

రక్తం పోవడం గురించి

వచ్చేవారిలో ఎక్కువమంది బాధ మాత్రం నిజమైనదే. గర్భసంచి తీయడానికి కారణంగా సర్వేలో సగం మందికి పైగా చెప్పింది అధిక రక్తస్రావం లేదా నెలసరి నొప్పి. తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అసలే తక్కువగా ఉన్న రక్తం నెలనెలా పోతూ ఉంటే ఆయాసం, నీరసం, కళ్లు తిరగడం. గంట గంటకూ గుడ్డ మార్చాల్సి వస్తున్నా, గడ్డలు గడ్డలుగా పడుతున్నా, ఏడు రోజులు దాటి పోతున్నా అది వైద్యం అవసరమైన సమస్య. ‘ఆడవాళ్లకు ఇది మామూలే’ అని సర్దిచెప్పడం, సంచి తీసేయడం, ఈ రెండింటి మధ్య చాలా చోటు ఉంది. ఆ చోటు గురించే మన ఆడవాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

మొదట రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష. థైరాయిడ్ లోపం ఒక్కటే నెలసరిని అతలాకుతలం చేయగలదు, అది దొరికితే రోజుకొక చిన్న మాత్రతో సరిపోతుంది. తర్వాత ఐరన్. ముట్టు రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు రక్తాన్ని గణనీయంగా తగ్గిస్తాయి, మెఫెనమిక్ ఆమ్లం నొప్పినీ రక్తాన్నీ రెండింటినీ తగ్గిస్తుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ తయారుచేసిన ఒర్మెలాక్సిఫిన్ మాత్రను మన దేశంలో చాలామంది గైనకాలజిస్టులు అధిక రక్తస్రావానికి వాడుతున్నారు. అదే మాత్ర ‘ఛాయ’ పేరుతో ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఉచితంగా ఇస్తున్నారు. కాపర్‌టీలా లోపల అమర్చే హార్మోన్ పరికరం ఇంకొకటి ఉంది. అది అయిదేళ్లకు పైగా పనిచేస్తుంది, చాలామందిలో ముట్టు బాగా తగ్గిపోతుంది, కొందరిలో దాదాపు ఆగిపోతుంది. ఖరీదు ఎక్కువేనని వెనకడుగు వేసేవారు ఆపరేషన్ ఖర్చు, దానికి తెచ్చిన అప్పు మీద మిత్తి, పని మానుకున్న రెండు మూడు నెలల కూలి కలిపి చూడాలి. నలభై అయిదు దాటిన వారికి, లేదా మందులతో తగ్గని వారికి, లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇదంతా చేశాక కూడా బాధ తగ్గకపోతే ఆపరేషన్ గురించి మాట్లాడటంలో అర్థం ఉంది.

నలభై దాటిన వారికి ఇంకో మాట. మన దేశంలో ముట్టు ఆగే సగటు వయసు 46-47. దానికి ముందు నాలుగైదేళ్లు నెలసరి దారి తప్పడం సహజం. ఆ నాలుగేళ్లు మందులతో నెట్టుకొస్తే చాలామందికి ఆపరేషన్ అవసరమే రాదు.

తీసేశాక

గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే ఆ రోజు నుంచే ముట్టు ఆగిన వయసు మొదలవుతుంది. ఏళ్ల మీద నెమ్మదిగా జరగాల్సిన మార్పు ఒక్క రాత్రిలో జరిగిపోతుంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు, యోని పొడిబారడం వెంటనే కనిపిస్తాయి. కనిపించనిది ఎముక. ఈస్ట్రోజన్ తగ్గడంతో ఎముకల సాంద్రత వేగంగా పడిపోతుంది, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. తెల్లబట్టలో ఎముకలు కరిగిపోతున్నాయన్న భయంతో ఆసుపత్రికి వచ్చిన మనిషికి, ఎముకలను నిజంగా కరిగించే పని చేసి ఇంటికి పంపుతున్నాం.

అండాశయాలు ఉంచినా పూర్తి భద్రత లేదు. వాటికి వెళ్లే రక్తప్రసారంలో కొంత తగ్గడం వల్ల కావచ్చు, ముట్టు ఆగే దశ కొందరిలో రెండు మూడేళ్లు ముందే వస్తున్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. సంచి లేదు కాబట్టి ఆగిందో లేదో ఆమెకే తెలియదు. దగ్గితే మూత్రం పడటం వంటి ఇబ్బందులూ కొందరిలో పెరుగుతాయి. “ఆపరేషన్ అయినప్పటి నుంచి ఒంట్లో సత్తువ లేదు” అన్న మాటను ఇంట్లోవాళ్లు సోమరితనం కింద జమకడతారు.

ఇంత చెప్పాక, ఈ ఆపరేషన్ చెడ్డదని ఎవరైనా అనుకుంటే అదీ తప్పే. గర్భసంచి క్యాన్సర్, తొలిదశ ముఖద్వార క్యాన్సర్, కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం, మూత్రానికి, విరేచనానికి అడ్డుపడే పెద్ద గడ్డలు, మందులకు లొంగని అడినోమయోసిస్, బాగా జారిపోయిన గర్భసంచి, వీటిలో ఈ ఆపరేషన్ ప్రాణాన్నో జీవితాన్నో నిలబెడుతుంది. అలాంటి స్థితిలో భయపడి వాయిదా వేయడమూ ప్రమాదమే. ముట్టు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం పడినా ఒక్క వారం కూడా ఆలస్యం చేయకూడదు.

కాగితం మీద ఉన్న రక్షణ

ఇది తెలుగు రాష్ట్రాలకే పరిమితమైన కథ కాదు. 2019లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు నరికే 82 వేలకు పైగా స్త్రీలను విచారిస్తే 13 వేల మందికి పైగా గర్భసంచి లేదని తేలింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసర ఆపరేషన్ల మీద 2013లో దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. వాటి ప్రకారం జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలి. నలభై లోపు స్త్రీకి గర్భసంచి తీస్తే ఎందుకు తీశారో వివరాలు ప్రైవేటు ఆసుపత్రులు కూడా అప్పగించాలి. దేశంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు జరిగేది ప్రైవేటు ఆసుపత్రుల్లోనే కాబట్టి ఈ ఒక్క నిబంధన సరిగా అమలైనా సగం పని అయినట్టే. మీ జిల్లాలో ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో సమాచార హక్కు కింద అడగవచ్చు. మహిళా సంఘాలు నెలకోసారి పొదుపు లెక్కలు చూసుకునే చోట ఈ దరఖాస్తు ఒకటి రాయడం పెద్ద పనేమీ కాదు.

చూపించుకునే చోట్లు మనకు లేకపోలేదు. స్త్రీల కోసం మంగళవారం పరీక్షలు జరిపే ‘ఆరోగ్య మహిళ’ కార్యక్రమాన్ని 2023 మార్చి 8న ప్రారంభించింది కరీంనగర్‌లోనే. క్యాన్సర్ పరీక్ష, థైరాయిడ్, నెలసరి సమస్యలు అందులో భాగం. ఆపరేషన్ చేయాలని ఒకచోట చెప్పినప్పుడు, స్కానింగ్ రిపోర్టు పట్టుకుని హనుమకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలోనో, వరంగల్ సీకేఎం ఆసుపత్రిలోనో, మీ జిల్లా కేంద్రంలోని మాతాశిశు ఆసుపత్రిలోనో ఇంకో గైనకాలజిస్టుకు చూపించడం మీ హక్కు. ప్రాణాపాయం లేని ఈ ఆపరేషన్‌కు రెండు వారాలు ఆగితే కొంపలేమీ మునగవు. ‘ఇవాళే చేర్చండి’ అని తొందరపెట్టే చోట మాత్రం ఆ తొందర ఎందుకో అడగండి.

ఇప్పటికే తీయించుకున్న వారి గురించి మాట్లాడేవారు తక్కువ. ట్రంకు పెట్టెలో దాచిన డిశ్చార్జి కాగితం బయటికి తీసి ఏఎన్‌ఎంకో, ఆసుపత్రిలో డాక్టరుకో చూపించాలి. ముఖద్వారం ఉంచారో తీశారో తెలుసుకోవాలి, ఉంచితే దానికి క్యాన్సర్ పరీక్ష ఇంకా అవసరమే. అండాశయాలు రెండూ తీసి ఉంటే, వయసు నలభై అయిదు లోపైతే, హార్మోన్ చికిత్స తీసుకోవచ్చా అని డాక్టరును అడగాలి. రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకులు లేనివారికి సహజంగా ముట్టు ఆగే వయసు వరకు దాన్ని సిఫారసు చేస్తారు. క్యాల్షియం, విటమిన్ డి, బరువు మోపే నడక ఎముకలకు అవసరం. తీసిన సంచిని ల్యాబుకు పంపి పరీక్ష చేయించాలన్నది నియమం, ఆ రిపోర్టు లేకపోతే ఆసుపత్రిని అడిగి తీసుకోండి. పుండు అన్నారో, క్యాన్సర్ అన్నారో, లోపల అసలు ఏముండేదో రాసి ఉండేది ఆ ఒక్క కాగితంలోనే.